నాలుగు కాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి

చిరంజీవి తమ్ముడికి,

నిటారుగా నిలబడి, రెండు కాళ్ళ మీద నడుస్తున్న నీ అక్క ఆశీర్వదించి వ్రాస్తున్నది.

నేను వంటింట్లో తూలిపడి రెండు గంటలు లేవలేకపోయానని నీకు చేరిన వార్త అబద్ధం. దాన్ని పుట్టించింది పక్కవాటా కుట్టుమిషను ఆవిడ. కిటికీలోంచి ఆమె చూసిన మాట నిజమే. నేను నేల మీద ఉన్న మాటా నిజమే. కాని అది వంటిల్లు కాదు, పడకగది. రెండు గంటలు కాదు, ఇరవై నిమిషాలు. నేను పడలేదు, పడుకున్నాను. మంచం పక్కకు ఒక చిన్న చెక్కబల్ల స్వయంగా తయారు చేసుకుంటున్నాను. మంచంపట్టె ఎంత ఎత్తున ఉందో తెలియాలంటే కంటిని ఆ ఎత్తుకు దించక తప్పదు. తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇన్‌స్పెక్టరుగా పనిచేసినదాన్ని; నిలబడి అంచనా వేసే అలవాటు నాకు లేదు.

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నీకు సగం వినపడదు. మిగతా సగం నువ్వు వినవు.

"ఇక ఒంటరిగా ఉండలేవు, మా మేడగదికి వచ్చెయ్" అని వరసగా మూడు ఉత్తరాల్లో వ్రాశావు. కనుక ఒక ఒప్పందం. ఒకటో తారీఖున వ్యాను తీసుకొని రా. నా బల్ల మీద అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసు పెడతాను. నువ్వు ఏ మూల కావాలంటే ఆ మూల వేలితో నొక్కు. చుక్క ఒలికితే నేనే మూటాముల్లె సర్దుకొని వ్యాను ఎక్కుతాను. ఒలకకపోతే మేడగది మాట మళ్ళీ నీ నోట రాకూడదు.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: కుట్టుమిషను ఆవిడకు కొలతల మీద గౌరవం లేదని నాకు ముందే తెలుసు. పోయినసారి ఆమె కుట్టిన జాకెట్టులో ఆమే నేనూ కలిసి పట్టవచ్చు.


అక్కయ్యకు నమస్కారాలు.

ఒప్పందానికి సరే. నీ మరదలు సాక్షి.

అయినా అక్కా, డెబ్బై మూడేళ్ళకి రంపం పట్టుకోవడమేంటి? బజార్లో బల్లలు కరువయ్యాయా? ముప్ఫై ఏళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి, నా మాట విను. ఈ వయసులో వేలు తెగితే మానడానికి నెల. నడుం పట్టేస్తే రెండు నెలలు. నీకు చెప్పడం గోడకి చెప్పినట్టే. గోడ నయం, ఎదురు చెప్పదు.

మేడగదికి రంగులు వేయిస్తున్నాం. నీ బల్ల మీద నమ్మకం లేక కాదు, ఎలాగూ వేయించాల్సిందే.

నీ తమ్ముడు

తా.క.: లేత నీలమా, లేత పచ్చా? ఊరికే అడుగుతున్నా.


చిరంజీవి తమ్ముడికి,

పది వేళ్ళూ పదిలంగా ఉన్న అక్క ఆశీస్సులు.

రంగు నీ ఇష్టం. ఆ గదిలో ఉండబోయేది నువ్వే.

పని సాగుతున్నది. చెక్క కొట్టువాడు "మేస్త్రీ ఎక్కడమ్మా?" అని నా వెనక్కు తొంగి చూశాడు. మేస్త్రీని నేనే అన్నాను. అక్కడినుంచి టేపును ఒళ్ళు దగ్గర పెట్టుకొని పట్టుకున్నాడు. ఇంట్లో పీట మీద చెక్క ఉంచి, ఎడమ మోకాలితో అదిమి, నాలుగు కాళ్ళూ కోశాను. ఉప్పుకాగితంతో మూడు రోజులు రుద్దాను. జిగురు పెట్టిన అతుకులు బిగుసుకోవాలి కనుక చుట్టూ తాడు కట్టి, అందులో కర్రగరిటె దూర్చి మెలితిప్పి, ఒక రోజంతా అలాగే ఉంచాను. ఆ రోజు కూర కలపడానికి చెంచాతో సరిపెట్టుకున్నాను. ఒక్కొక్క కాలు నలభై ఎనిమిది సెంటీమీటర్లు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: దాచడం నా పద్ధతి కాదు. నిన్న బల్లను మంచం పక్కన నిలబెట్టాను. ఊగింది. కాళ్ళు మళ్ళీ కొలిచాను, సమానమే. కాబట్టి తప్పు బల్లలో లేదు. గదే ఒక మూలకు దిగిపోతున్నట్టు నాకు స్పష్టంగా తెలుస్తున్నది.


అక్కా,

నమస్కారాలు, క్షేమసమాచారాలు తరవాత. ముందు కూర్చో. గోడకి ఆనుకుని చదువు.

గది దిగిపోతున్నట్టుందా? ఎన్నాళ్ళ నుంచి? కుడివైపుకా, ఎడమవైపుకా? చెవిలో హోరుందా? షాపులో ఇలాంటివాళ్ళని వందమందిని చూశాను. అందరూ మొదట అనే మాట ఇదే: "నాకేం లేదు, ఇల్లే తిరుగుతోంది." లోపలిచెవిలో తేడా వస్తే అంతే. మాత్రలు పార్శిల్లో పంపుతున్నా. తల గబుక్కున తిప్పకు. బీరువా పైకి చూడకు.

ఈ పరిస్థితిలో నువ్వు మెట్లెక్కలేవు కాబట్టి మేడగది మానేసి కింద గది ఖాళీ చేయిస్తున్నాం.

నీ తమ్ముడు

తా.క.: ఒకాయన్ని పంపుతున్నా. పోట్లాడకు. ఏం చేసినా చెయ్యనివ్వు.


చిరంజీవి తమ్ముడికి,

తల ఎటు కావాలంటే అటు తిప్పగలిగిన అక్క ఆశీస్సులు.

మాత్రలు అందాయి. తిప్పి పంపుతున్నాను.

నేను తిరగలేదు, బల్లను తిప్పాను. కాళ్ళకు సుద్దముక్కతో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశాను. గోడవైపు మూలన ఉన్న నాలుగో కాలు నేలకు ఆనలేదు. బల్లను పావు చుట్టు తిప్పాను. అదే చోటికి మూడోది వచ్చింది, అదీ ఆనలేదు. తరువాత రెండోది, తరువాత ఒకటోది, అంతే. నాలుగు కాళ్ళూ వంతులు వేసుకొని తప్పు చేయవు కదా! నేరం ఆ చోటిది. నా చెవులకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు.

నువ్వు పంపిన వైద్యుడు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, మితభాషి. "తమ్ముడుగారు పంపారమ్మా. కాస్త చూసి పోతా" అన్నాడు.

"నాడి చూడనివ్వను" అన్నాను.

"నాకెందుకమ్మా నాడి?"

"నాలుకా చూపను."

"వద్దులెండమ్మా."

ఇదేదో కొత్త వైద్యం కాబోలు అనుకున్నాను. నా ముఖమైనా చూడకుండా బల్లను వెల్లకిలా తిప్పి, కాళ్ళు తడిమి, అతుకులను గోటితో మీటి, "ఎవరు చేశారమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. అప్పుడు తలెత్తి చూశాడు. ఆపైన మంచం జరిపి, గోడకు చెవి ఆనించి, వేలిముడితో తట్టాడు. రోగిని వదిలి గోడను పరీక్షించేవాణ్ణి ఎక్కడ పట్టావో గాని, ఇంతవరకు నన్ను చూసిన వైద్యులందరిలోకీ బుద్ధిమంతుడు.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: అతని సంచిలో రంపం కనబడింది. ఏ రోగానికో అడగలేదు.


అక్కా,

నమస్కారాలు. ఆయన డాక్టరేంటి, నీ మొహం! మీ పేట వడ్రంగి మేస్త్రీ ఆయన!

తప్పు నాదే. నీకు తెలియకుండా పొడుగు కాలు కాస్త చెక్కేసి రమ్మని నేనే పంపాను. నవ్వకు. నువ్వు మా ఇంటికి రావాలనే నా కోరిక, కానీ ఓడిపోయి రాకూడదు. చిన్నప్పుడు గవ్వలాటలో ఓడితేనే నాలుగు రోజులు అన్నం మానేసినదానివి.

ఆయనేమో ఏమీ చెక్కకుండా ఊరుకుని, నాకు కబురు పెట్టాడు: "అమ్మగారి బల్లకి వంక పెట్టడానికి లేదండి. ఆ మూల పునాది కుంగింది. మంచం చాటున గోడలో వేలు పట్టేంత బీట ఉంది" అని. నువ్వే గెలిచావు. మేడగది మాట ఎత్తను.

కానీ కుంగే ఇంట్లో ఎలా ఉంటావు? ఒకటో తారీఖు దాకా ఆగను. ఈ శనివారమే వ్యాను తెస్తున్నా.

నీ తమ్ముడు

తా.క.: ఎత్తనన్నది మేడగది మాట. నేను చెప్పేది కింద గది.


చిరంజీవి తమ్ముడికి,

గెలిచిన అక్క ఆశీస్సులు.

మేస్త్రీని వైద్యుడనుకోవడం నా అంచనాలో పొరపాటు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో లేనిది ఇప్పుడు జరిగింది, మరదలికి చెప్పవద్దు. కాలు చెక్కమని పంపిన నీ కుట్రను కూడా క్షమించాను. ఓడిపోయి రాకూడదన్నావు చూడు, ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

నేను ఏ కారణం చేత గెలిచానో, ఆ కారణం చేతనే ఇరవై రెండేళ్ళుగా ఉన్న వాటా చెయ్యి జారింది. బల్ల నిజం చెప్పింది. నిజం చెప్పినదాని మీద అలగడం నా ఉద్యోగధర్మం కాదు. నీకు పోయిన ఉత్తరం వేసిన మర్నాడే మంచం వెనక బీట చూసి, ఇంటివాణ్ణి పిలిచి చూపించాను. "అది ఎప్పటినుంచో ఉందమ్మా, ఏం కాదు" అన్నాడు. బీటకు అడ్డంగా కాగితం అంటించాను. మూడో రోజుకు చిరిగింది. చిరిగిన కాగితం చేతిలో పెట్టాక నేల తవ్వించడానికి ఒప్పుకున్నాడు. ఆరు నెలల పనట.

ఈలోగా మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఎవరూ పంపకుండానే. ఒక ఆసుపత్రికి మంచం పక్క బల్లలు పన్నెండు చెయ్యాలట. పనివాళ్ళు తలొక ఎత్తుకు కోస్తున్నారట.

"కొలిచి గీతపెట్టే మనిషి లేక చస్తున్నానమ్మా" అన్నాడు.

అతని టేపు అడిగి చూశాను. మొదటి సెంటీమీటరు అరిగి మాయమైంది.

"దీనితోనా ఇన్నాళ్ళూ కొలుస్తున్నావు?"

"కొలవనమ్మా. కొలిచినట్టు పట్టుకుంటా."

అలాంటివాణ్ణి ఊరికే వదిలిపెట్టడం నాకు చేతకాదు.

కనుక శనివారం పాత వాటాకు వెళ్ళవద్దు. మేస్త్రీ దుకాణం మీద ఒక గది ఉంది. రసమట్టం తెప్పించి నాలుగు మూలలా పెట్టి చూశాను. బుడగ నడిమి గీత దాటలేదు. నీ ఉత్తరం అందేనాటికే ఇందులో దిగాను. సామాను చేరింది. బల్ల మంచం పక్కన ఉంది. వ్యాను లేకుండా, మరదలితో కలిసి రా; భోజనం చేసి వెళుదురుగాని. పగలు తొమ్మిది నుంచి అయిదు దాకా కింద పనిలో ఉంటాను.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: ఒక్క మాట అడిగి చెయ్యవలసింది అంటావు. అడిగితే ఇంకా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. ఆరు నెలలయ్యాక పాత వాటాకు తిరిగి వెళతావా అని కూడా అడగవద్దు. ఇంటివాడికి తాళాలు ఇచ్చేశాను.