వాడేవారి పొరపాటు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ మరిదికి జలుబు తగ్గింది. పిల్లదానికి ముందుపళ్ళు రెండూ ఊడి, అద్దం ముందు నుంచి కదలడం లేదు. అక్కడ నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. కంప్యూటర్లో వచ్చింది ఏదీ ఇక నమ్మనన్నావు గనక కాగితం మీదే రాస్తున్నాను. చేతిరాత పాడైపోయింది, విసుక్కోకుండా చదువు.

"అసలు నువ్వు ఆఫీసులో చేసేదేమిటే?" అని అడిగావు. చెప్పుకోవాలంటేనే అసహ్యంగా ఉంది. నువ్వు ఇంట్లో కూర్చుని ఆసుపత్రి కంప్యూటర్ తెర తెరిచి పని చేసుకుంటావు కదా, ఆ తెరను నీదాకా తెచ్చే సర్వర్ సాఫ్ట్‌వేర్ మాదే. పన్నెండేళ్ళ నాటి సరుకు. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, అతుకులు వేసేది మేము. మొన్న మౌస్ బాణం మాయమవుతోందని సరిచేస్తే ప్రింటర్ ఆగిపోయింది. రెండింటికీ సంబంధమేమిటని అడక్కు, నాకూ తెలియదు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

మా మేనేజరు సంగతి ఇంకా ఘోరం. ఫిర్యాదు కనబడితే ముక్కు చిట్లిస్తాడు. "సర్వర్ బాగానే ఉందమ్మా, వాళ్ళకే వాడటం రాదు. మూసేయండి" అంటాడు. మూయడానికి 'వాడేవారి పొరపాటు' అని ఒక మీట తయారుగా ఉంది. అది నొక్కితే ఫిర్యాదు కంటికి కనబడదు. వారానికోసారి ఎన్ని మూశామో చూసుకుని చప్పట్లు కొట్టుకుంటాం. నేనూ కొట్టాను.

ఇక నీ విషయం. రోగుల వివరాలున్న తెరను మూయకుండా లేచి వెళ్ళిపోయావనీ, ఆసుపత్రిలో వేరే గుమస్తా తన కంప్యూటర్ తెరిస్తే అది కంటబడిందనీ మీ సూపరింటెండెంటు మెమో ఇచ్చారని రాశావు. "మూశాననే గుర్తు, కానీ నా గుర్తు మీద నాకే నమ్మకం పోయిందే" అన్నావు. పొయ్యి కట్టేశానా లేదా అని మూడేసి సార్లు లేచి చూస్తున్నావట. మతిమరుపని బావ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడట. ఒకటో తారీకున రాజీనామా ఇస్తావట. అది చదివి ఊరుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మీ ఆసుపత్రి రికార్డు బయటికి తీశాను.

అక్కా, నీకే మతిమరుపూ లేదు. నువ్వు తెర మూశావు. గంట, నిమిషంతో సహా రికార్డులో ఉంది. నువ్వు మూయగానే సర్వర్ తాళం వేయాలి. వేయలేదు. నీ తర్వాత సర్వర్లోకి వచ్చిన గుమస్తాకు నీ తెరనే తెరిచి చేతికిచ్చింది. ఎందుకా అని తవ్వుతూ పోతే ప్రోగ్రాములో ఒక లైను దొరికింది. పరీక్షలు చేసేటప్పుడు రోజుకు వందసార్లు పాస్‌వర్డ్ కొట్టలేక ఎవరో ఆ తాళం తీసేసి, పక్కన 'తాత్కాలికం, రేపు తీసేయాలి' అని రాసి పెట్టారు. ఏ దరిద్రుడి పని ఇది అని తిట్టుకుంటూ పేరు చూశాను. నా పేరే. మూడేళ్ళ కిందటిది.

ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా దాటేద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. మీ ఆసుపత్రి ఫిర్యాదు మూడు నెలల కిందటే మా దగ్గరికి వచ్చింది. తెరిచింది నేనే. ఏ ఆసుపత్రిదో కూడా చూడకుండా, పై రెండు వాక్యాలు చదివి 'వాడేవారి పొరపాటు' నొక్కిందీ నేనే. ఆ జవాబు చూసుకునే మీవాళ్ళు నీకు మెమో ఇచ్చారు. నన్ను చూస్తే నాకే రోత పుడుతోంది.

"కాగితం మీద ఒప్పుకుంటే కంపెనీ పరువేం కావాలమ్మా?" అన్నాడు మేనేజరు. ఆ లైను తీసేశాను. ఈ తాళం గురించే వస్తే అలాగే మూసేసిన మిగతా పదకొండు ఫిర్యాదులనూ తిరిగి తెరిచాను. తప్పు నాదని మీ సూపరింటెండెంటుకు సంతకం పెట్టి రాశాను, నకలు ఇందులో పెట్టాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నువ్వు మాత్రం రాజీనామా ఇవ్వకు. ముందు ఈ నకలు బావకు చూపించు.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. చేస్తే నువ్వు "పోనీలేవే" అనేస్తావు, నేను హాయిగా ఊపిరి పీల్చుకుని నా పనిలో పడిపోతాను. ఈసారి ఆ మాట అనకు. మూడు నెలలు నీ బుర్రను నువ్వే అనుమానించుకున్నావు. ఆ మూడు నెలలకూ సరిపడా తిట్టి రాయి.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
చెల్లెలు