మొదటి అంగుళం లేని టేపు

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాదిరా. తెనాల్లో నీ షెడ్డులోనే కూర్చుని రాస్తున్నా. తప్పులుంటే నవ్వమాక, నీకంటే ఒక క్లాసు ఎక్కువే చదివాను.

తలుపుల మీద పువ్వులు చెక్కాలని నువ్వు మొదలెట్టిన మిషను గురించే ఇది. పట్టాల మీద అటూ ఇటూ జరిగే మిషను మనం కొనలేమని, స్కూటరు చక్రం మీద తిరిగే బల్ల, దాని పైన ఊగే చెయ్యి పెట్టావు. "తిన్నటి గీత ఎట్టా గీసిద్దిరా? నీ నడకలాగే వంకర పోద్ది" అని నిన్ను ఏడిపించేవాణ్ణి.

మీ అబ్బాయి కరీము ఆ మిషనుకి ఇవాళే ఆఖరి రోజన్నాడు. "బాబాయ్, తిన్నగా గీస్తే ఉంచుతా, లేదంటే పాత ఇనుములో వేసేస్తా."

బాపట్లలో ఇంజినీరింగు చదివే నా మనవరాలు మిషను చెయ్యి పొడుగు కొలిచి కంప్యూటర్లో కొట్టింది. బల్ల తిరిగింది, చెయ్యి ఊగింది. గీతకి మాత్రం నాకున్నంత పొట్ట వచ్చింది.

"దేంతో కొలిచావే?"

"ఇక్కడున్న టేపుతోనే తాతయ్యా."

నీ టేపు! మొదటి అంగుళం విరిగిపోయిందని, ఎవరు కొలిచినా "ఒకటి తియ్యండ్రా" అని అరిచేవాడివి.

"ఒకటి తియ్యవే" అన్నా. తీసి మళ్లీ గీయించింది. కరీము ఇనప స్కేలు ఆనించి చూశాడు. అటు తిప్పి ఇంకోసారి చూశాడు. వెళ్లి బల్ల కింద పొట్టు ఊడ్చాడు.

రేపు రేపల్లె వాళ్ల తలుపు మిషను మీదికి ఎక్కిస్తున్నాం. కొత్త టేపు కొందామంది పిల్ల. వద్దన్నాను. "ఒకటి తియ్యండ్రా" అని ఇకనుంచి నేనే అరుస్తాలే.