దూపకు చెప్పిన మాట

అల్ ఖూజ్, దుబాయ్
10 నవంబర్ 2024

ప్రేమగల మరదలు లావణ్యకు,

బావ ఆశన్న రాసేది. నువ్వు, బిడ్డ శ్రీజ మంచిగున్నరని తలుస్త. ఇది ఫోన్ల చెప్పరాని ముచ్చట. మా రూంల ఎనిమిది మందిమి, ఒకల మాట ఒకలకు ఇనపడ్తది. అందుకే కాయిదం మీద రాసి, ఊరికి వస్తున్న రాజేశం చేతికిస్తున్న. ఒక్కదానివే ఉన్నప్పుడు సదువు.

తమ్ముడు గంగాప్రసాద్ పోయిన కాడికెల్లి నువ్వు ఏ మాట మింగుతున్నవో నాకెరుక. ఆ పొద్దుగాల మీరిద్దరు ఫోన్ల కొట్లాడుకున్నరు. "అక్కడనే సావుపో" అని నోరు జారినవు. రెండు గంటలకే వాడు పద్నాలుగో అంతస్తు మీదికెల్లి పడ్డడు. పడకుంట కట్టుకునే బెల్టు తనే ఇప్పుకున్నడని కంపెనీ కాయిదం వచ్చింది. "నా మాటకే దునికిండు" అనుకుంట నువ్వు మీ అక్క, నా ఇంటామె భూమవ్వ ఒళ్ళె తలపెట్టి ఏడ్సినవట. మూడేండ్లాయె, ఆమె నాకు మొన్ననే చెప్పింది.

తమ్ముడు, నేను కలిసి చేసిన ఆ కంపెనీ ఇడిసినంక నేను చేస్తున్న పని నీకు మంచిగ చెప్పలేదు. ఆఫీసులల్ల కూసుండేటోళ్ళు సెలవులకు కొండలల్ల నడువ వస్తరు. రస్ అల్ ఖైమా దిక్కు కొండల నడుమ ఎండిన వాగు ఉంటది, వాది అంటరు. రెండు దిక్కుల రాతి గోడలు, కింద గులకరాళ్ళు. మూడొద్దులు అండ్లనే నడుసుడు, అండ్లనే పండుడు. వాళ్ళ డేరాలు, బియ్యం, నీళ్ళు నేను మోస్త, వంట చేస్త.

పోయిన వారం ఆరుగురు వచ్చిన్రు. ఒకాయన నా మాట ఇని "తెలుగా? ఏ ఊరు?" అని నవ్వుకుంట అడిగిండు. ముఖం చూడంగనే గుర్తుపట్టిన. రత్నాకర్ సార్. తమ్ముడు పడ్డ సైటుకు ఇంజనీరు. ఆ కాయిదం రాసింది ఆయననే. నన్ను గుర్తుపట్టలే. హెల్మెట్ల కింద మా ముఖాలు ఎన్నడు చూసిండు కనుక?

మొదటి దినం ఆయన సంచి గూడ నేనే మోసిన. చాయ్ పోసిన. "ఆశన్నా, మా అమ్మ చేతి చాయ్ లెక్కనే ఉన్నది" అన్నడు. గిలాసల ఇంకింత పోసిన.

రెండో దినం వాది ఇరుకైంది. చేతులు చాపితే రెండు గోడలు అందుతయ్. నీళ్ళుంటయనుకున్న గుంట ఎండి బురద పెచ్చులైంది. రాళ్ళు పెనం లెక్క కాలుతున్నయ్. పగటికి సార్ రెండుసార్లు కక్కిండు, కాలు గూడ మడతపడ్డది. తోవ చూపెట్టే అనమ్ మేడం నాకు రెండు సీసాల నీళ్ళిచ్చి, "నువ్వు ఈయన కాడ ఉండు. మిగిలినోళ్ళను ముందటి గుంట కాడ కూసోబెట్టి వస్త" అన్నది. యల్లా, నడువుండ్రి అనుకుంట వాళ్ళను తీస్కపోయింది.

బండ నీడకు కూసున్నం. ఆయన సీసా ఖాళీ. "దూపైతుంది ఆశన్నా, నీళ్ళియ్యి" అన్నడు. సీసాలు నా ఒళ్ళెనే ఉన్నయ్. ఇయ్యలే.

"సార్, గంగాప్రసాద్ యాదికున్నడా?" అన్న.

"ఎవరు?"

"పద్నాలుగో అంతస్తు. నేను వాని అన్నను."

ఆయన నన్ను గప్పుడు చూసిండు. "ముందు నీళ్ళియ్యి" అన్నడు.

"ముందు చెప్పుండ్రి" అన్న.

ఎంతసేపు గట్ల కూసున్ననో నాకెరుకలే. నీడ జరిగి ఆయన కాళ్ళ మీదికి ఎండ వచ్చింది. పెదవులు తెల్లగైనయ్. ఒకసారి చెయ్యి చాపిండు, నేను సీసా ఈపు ఎనుక పెట్టుకున్న. లావణ్యా, నేను గసొంటోణ్ణని నాకే తెల్వకుండె.

ఆఖరికి చెప్పిండు. "నీ తమ్ముని బెల్టు హుక్కు స్ప్రింగు పోయింది. పొద్దుగాలనే నాకు చెప్పిన్రు. ఆ దినం స్లాబు కావాలె, మీరు ముదీర్ అనే ఆ మేనేజరు నెత్తి మీద నిలవడ్డడు. ఇయ్యాల నడుపుండ్రి, రేపు కొత్తది తెప్పిస్త అన్న. నీ తమ్ముడు బెల్టు ఇప్పలే. హుక్కే పట్టలే."

గప్పుడు తాపిన. బుక్కబుక్కకు ఆపుకుంట తాపిన. అనమ్ మేడం వచ్చినంక ఆయనను ఈపు మీద ఏసుకొని నడిసిన. తెల్లారి పగటికి రోడ్డెక్కినం. వ్యాను ఎక్కేటప్పుడు ఆయన నా దిక్కు చూడలే.

నీ మాటకు వాడు సావలేదు. ఇగ మింగకు బిడ్డా.

నీ మేలు కోరే బావ,
ఆశన్న


మెట్‌పల్లి
3 డిసెంబర్ 2024

బావకు లావణ్య రాసేది,

నీ ఉత్తరం బీడీల చాట పక్కకు పెట్టి సదివిన. మళ్ళ సదివిన. మూడేండ్లల్ల మొదటిసారి ఆ పూట బువ్వ రుచి తెలిసింది. శ్రీజకు జడ ఏసుకుంట పాట పాడిన్నట. "అమ్మా, నీకు పాటలొస్తయా?" అని అదే అడిగింది.

వారం దాటినంక ఫోన్ వచ్చింది. రత్నాకర్ సార్. నా నంబరు కంపెనీ కాయిదాలల్ల దొరికిందట. "మీ బావ చెప్పింది నమ్మకమ్మా. నీళ్ళియ్యకుంటే పానం పోయేటట్లుంటే, ఆయన ఏం ఇనాలనుకున్నడో అదే అన్న. మీ ఆయన బెల్టు తనే ఇప్పిండు" అన్నడు. నేను అడిగిన: "దూపకు చెప్పిన అబద్ధమే అయితే ఇడిసిపెట్టేది ఉండె గద సార్. దాన్ని చెరుపుకునేటందుకు నా నంబరు ఎందుకు ఎతికిన్రు?"

ఆయనకు కోపమొచ్చింది. "నేనొక్కణ్ణే రాసిన్నా? కండ్లతోని చూసినట్టు సాక్షి సంతకం పెట్టింది ఎవరో మీ బావనే అడుగు" అని పెట్టేసిండు.

బావా, ఆ కాయిదంల ఏమున్నదో నాకేమెరుక, ఇంగ్లీషు తెల్వదు. చూసిన మనిషి ఉన్నడు, సంతకం పెట్టిండు అని చెప్తేనే నేను నమ్మిన. ఎవడో పరాయోడనుకున్న. పరాయోనికి అబద్ధమాడే అక్కర ఏముంటదని నమ్మిన. ఆ సంతకం నీదేనని సార్ మాటతోని సమజైంది. ఆ దినం కింద సిమెంటు గోదాంల ఉన్ననని నువ్వే అన్నవు. గోదాంల ఉన్నోనికి పద్నాలుగో అంతస్తు ఎట్ల కనవడ్డది?

ఆయన శవం పెట్టె తోని నువ్వే వచ్చినవు. నేను నెత్తి కొట్టుకుంటుంటే నా చేతులు పట్టుకున్నవు. ఏం మాటన్ననో చెప్పలే గాని, నా నోరే మొగన్ని తిన్నదని అందరి ముందట అన్న. నువ్వు పక్కనే ఉన్నవు. "నేను చూడలే" అనే రెండు మాటలు నీకు గప్పుడు రాలేదా?

వాదిల నీకు సార్ చెప్పింది నిజమేనని ఇప్పుడు నాకు నమ్మకమైంది. దానికి నీకు దండం పెడ్త. ఇది గూడ నీకు చెప్పాలె కాబట్టి చెప్తున్న. గాని నా మూడేండ్లు ఎవరిస్తరు?

ఫోన్ చెయ్యకు. ఏడ్సి చెప్పకు. అక్కడ పెట్టినట్లే సంతకం పెట్టి రాసియ్యి. బిడ్డ పెద్దగై అడిగితే సూపెట్టాలె. అందాక నన్ను మరదలా అని పిలువకు.

లావణ్య


అల్ ఖూజ్
22 డిసెంబర్ 2024

లావణ్యకు,

సంతకం పెట్టకుంటే శవం నెలలకొద్ది ఆగుతదన్నరు. అది నిజమే. నా పని పోతదని భయపడ్డ. అది గూడ నిజమే. మొదటిది నాకు నేనే చెప్పుకున్న, రెండోది మీ అక్కకు గూడ చెప్పలే. ఆ కాయిదం తెల్వక పెట్టింది కాదు. నా పక్క మంచం ఖాదర్ హుస్సేన్ హిందీల సదివి చెప్పినంకనే పెట్టిన. సార్ నోట మాట వచ్చిన దినం నాకు ఏమనిపించిందో ఎరుకేనా? సంతోషమైంది. పాపం ఆయనొక్కనిదే అయిందని. అందుకే నీకు సగమే రాసిన.

నువ్వు అడిగింది కింద ఉన్నది. మూడు కాపీలు రాసిన. ఒకటి నీకు. ఒకటి పాత కంపెనీల ఇచ్చిన, ముదీర్ సదివి "ఖలాస్, నీ కథ అయిపోయింది" అన్నడు. ఒకటి పోలీసు ఠాణల ఇచ్చిన. రేపు మళ్ళ రమ్మన్నరు, పోత. దొంగ సాక్ష్యానికి లోపట ఏస్తరేమో, మళ్ళ ఎప్పుడు మాట్లాడ్తనో తెల్వది. భూమవ్వకు నువ్వే చెప్పు. నేను చెప్తే ఇందుట్ల గూడ నన్ను నేను కాపాడుకుంట.

*

ఆశన్న, తండ్రి లింగన్న, రాసి ఇస్తున్నది. 2021 సెప్టెంబర్ 19 నాడు నా తమ్ముడు గంగాప్రసాద్ పడ్డప్పుడు నేను కింద గోదాములో ఉన్నాను. వాడు బెల్టు విప్పుకుంటుంటే చూశానని సంతకం పెట్టాను. నేను ఏమీ చూడలేదు.

ఆశన్న