అబ్వోలి చెయ్యి

మార్చి 3
వాన జాడ లేదు. మోకాలు లాగుతోంది.
కోడలు కుసీమ, చింపాంజీలను కాపాడే ప్రాజెక్టులో వాటి వెంట తిరిగే ఉద్యోగం చేస్తోంది. కొత్తగా కనిపించిన పిల్లతల్లికి అబ్వోలి అని పేరు పెట్టిందట. అది నా ఎంపాకో! పుట్టినప్పుడు నాన్న పెట్టిన ఆదరపేరు. అడవి జంతువుకా? దాని కీడు నాకు తగిలితే? అదీ నీ అంత మొండిదే అత్తా, అందుకే పెట్టానంది. కోడలికి నవ్వులాట.

మార్చి 5
అబ్వోలి మా పనసచెట్టెక్కింది. మనవరాలు వాకిట్లో ఉంది. పిల్లల్నెత్తుకుపోయిన చింపాంజీలున్నాయి. పాపను లోపలికి తోసి పళ్లెం వాయించాను. తిట్టబోతే నోటికి ఆ పేరే వచ్చింది. ఎంపాకోతో పలకరించాక మాలో తిట్టకూడదు. పళ్లెం దించేశాను. అది పండు చంకన పెట్టుకుని, తన పిల్లను వీపునేసుకుని పోయింది.

మార్చి 6
పక్కింటి ఇసింగోమ కంచె మీంచి వెక్కిరించాడు. ఏం అబ్వోలీ, మీ అక్క భోంచేసి వెళ్లిందట, నా మొక్కజొన్న కూడా మీ చుట్టాలకేనా అన్నాడు. చేలో పడే అడవిపందుల కోసమని ఇనప ఉచ్చు పెట్టాడు. తీసెయ్యమని కుసీమ అతని ఎంపాకో పెట్టి మరీ బతిమాలింది. నీకు జీతమొస్తుంది, నా పిల్లలు గడ్డి తింటారా అన్నాడట. అదీ నిజమే.

మార్చి 9
అబ్వోలి ఆ ఉచ్చులో పడింది. చేతిని కరిచిన ఉచ్చును గొలుసుతో సహా పీక్కుని అడవిలోకి పోయిందట.
పొద్దున్నుంచి నా కుడిచెయ్యి ఒకటే పోటు. కుసీమకు చెప్పలేదు.

మార్చి 12
ఉచ్చు తీయడానికి జంతువుల డాక్టర్లు మత్తుసూది తుపాకీతో వచ్చారు. చెరకు కోసం నరికేయగా మిగిలిన అడవి చారెడే, అయినా కనపడలేదు. పనసకు వస్తుందేమోనని నేనూ కాపు కూర్చున్నాను. పాపను లోపల పెట్టి గడియ వేశాను. ఇసింగోమ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఉచ్చు పందులకే పెట్టానన్నాడు. ఎవరూ అడగలేదు.
అబ్వోలీ అని అడవివైపు పిలిచాను. నా పేరు నేనే పిలుచుకున్నట్టుంది. అతను తల దించుకున్నాడు.


మార్చి 13
వాగు దగ్గర చచ్చిపడి ఉంది. పిల్ల ఇంకా రొమ్ము వదల్లేదట. విడదీసి సరస్సులోని దీవికి, తల్లిలేని చింపాంజీలను సాకే చోటికి పంపారు. కుసీమ చెప్పులు విప్పకుండానే మంచం మీద పడుకుంది.

మార్చి 14
బావి దగ్గర అందరూ పలకరించారు. ముసలమ్మా అన్నారు, అవ్వా అన్నారు. రోజూ పిలిచే అబ్వోలి అన్న పేరు ఒక్కరూ ఎత్తలేదు.
అది చచ్చాక నా చెయ్యి పోటు తగ్గింది. అదే భయంగా ఉంది.