అరువు ఆటగాళ్ళు

తుల్లావార్న,
మార్చి 11

ప్రియమైన మలాకీ అన్నయ్యకు,

ఫోను చేస్తే నీకు వినబడదు. నన్నేమో కారు తోలొద్దని కళ్ళ డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఇక మనకు తపాలా వాడే దిక్కు. ఆ వృద్ధాశ్రమంలో టీ నీళ్ళలా ఉంటుందన్నావుగా, మంచి టీ పొడి పంపిస్తున్నాను. నర్సు చేతికి ఇవ్వకు, నీ బీరువాలో పెట్టుకో.

శనివారం పక్కూరు డ్రమ్‌కీల్ వాళ్ళ మీద మన పన్నెండేళ్ళలోపు పిల్లల హర్లింగ్ మ్యాచ్ జరిగింది. ఓడిపోయాం, కానీ ఆడాం. ఆడటమే గొప్పయింది ఈసారి. జట్టుకు ముగ్గురు తక్కువ. ఆడకుండానే ఓడినట్టు రాసేస్తారనుకున్నాను. డ్రమ్‌కీల్ కోచ్ వచ్చి, "మా వాళ్ళని ముగ్గుర్ని తీసుకో డింఫ్నా. పిల్లలు ఆడుకోడానికొచ్చారు గానీ నీ ముటముటలాడే మొహం చూడ్డానికి కాదు" అన్నాడు. వాళ్ళ జట్టు పక్కన ఇంకో జట్టుకు సరిపడా పిల్లలు గెంతుతున్నారు. తీసుకోక ఏం చెయ్యను?

కానీ అన్నయ్యా, మన పచ్చ చొక్కా వాళ్ళ ఒంటికి తొడగడానికి నాకు చేతులు రాలేదు. వాళ్ళ ఎర్ర చొక్కాలనే తిరగేసి వేసుకోమన్నాను. పాపం ఆ ముగ్గురూ కుట్లు పైకి కనబడేలా వేసుకుని, మన వైపు ప్రాణం పెట్టి ఆడారు.

కోర్మాక్ లూబీ కూతురు షీఫ్రా ఉంది చూడు, నీ తర్వాత అలాంటి ఒడుపు మన ఊళ్ళో నేను చూడలేదు. రోజూ సాయంత్రం మూసేసిన పాలకేంద్రం గోడకు కర్రతో బంతి కొడుతూ ఉంటుంది. వంటింట్లోకి ఆ చప్పుడు వినబడుతుంది. అది వినబడినన్నాళ్ళూ మన క్లబ్బుకు ఢోకా లేదని నాకు ధైర్యం. డ్రమ్‌కీల్ వాళ్ళతో కలిసిపొమ్మని జిల్లా ఆటల సంఘం వాళ్ళు మళ్ళీ అంటున్నారు. నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.

నీ చెల్లి,
డింఫ్నా


ఏప్రిల్ 2

ప్రియమైన డింఫ్నాకు,

టీ పొడి అందింది. బార్ట్లీ హెషన్ సగం తాగేశాడు. అవును, ఆ బార్ట్లీయే! జిల్లా సెమీఫైనల్లో నా వేలు విరిచిన డ్రమ్‌కీల్ దున్నపోతు. పోయిన నెల ఇక్కడ చేరాడు, సరిగ్గా నా పక్క కుర్చీలోనే పడ్డాడు. వాడికీ చెవుడే. టీవీలో మ్యాచ్ పెడితే ఇద్దరం అరుస్తాం, ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు. అందుకే ఇంకా కొట్టుకోలేదు. ప్రతి ఆదివారం వాడి కొడుకు వస్తాడు, డ్రమ్‌కీల్ క్లబ్బు సెక్రటరీ వాడే. నాకూ కేకు తెస్తాడు. శత్రువు కేకే అయినా బాగుంటుంది.

మన నాన్న పోయినప్పుడు గుర్తుందా? శవపెట్టె మీద క్లబ్బు పచ్చ చొక్కా పరిచారు. చర్చి నుంచి శ్మశానం గేటు దాకా రోడ్డుకు అటూ ఇటూ పిల్లలు హర్లింగ్ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. నాకూ అలాగే జరగాలి. ఇప్పుడే పోతున్నానని కంగారుపడకు, కేకు ఇంకా ఉంది.

ఒక్క మాట అడుగుతాను. షీఫ్రా గోడకు కొడుతుందన్నావు. ఆ పిల్లకు బంతి తిరిగి కొట్టేవాళ్ళెవరు?

అన్నయ్య,
మలాకీ


తుల్లావార్న,
మే 6

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఎవరూ లేరు. గోడే తిరిగి కొడుతుంది. ఒకరోజు నేనే కర్ర పట్టుకుని వెళ్ళాను. బంతి కనబడక భుజానికి తగిలింది. పిల్ల బెదిరిపోయి, "మీరు కూర్చోండి డింఫ్నా, నేను గోడతోనే ఆడుకుంటాను" అంది. అంత మర్యాదగా అంటే మరీ బాధేసింది.

కొండవారన ఉండే మన జట్టు కవలల కుటుంబం పట్నంలో అద్దెకు దిగింది. ఇక్కడ ఇల్లు కట్టుకోడానికి అనుమతి రాలేదట. సెలవుల కోసం కొనుక్కున్న ఇళ్ళు మాత్రం ఏడాదంతా తాళాలేసి ఉంటాయి. వచ్చే నెల హాల్లో మీటింగు పెట్టారు, క్లబ్బును కలపాలా వద్దా అని. మనవాళ్ళలో వద్దనేవాళ్ళే ఎక్కువ, చూస్తూ ఉండు.

డింఫ్నా


తుల్లావార్న,
జూన్ 14

అన్నయ్యా,

మన కొంప మునిగింది.

మీటింగులో నేను లేచి, "ఈ డ్రమ్‌కీల్ వాళ్ళు మన పిల్లల మీద కన్నేసి ఎన్నాళ్ళయిందో మీకు తెలుసు" అన్నాను. బార్ట్లీ కొడుకు టోపీ తీసి నిలబడ్డాడు. "డింఫ్నా, ఈసారి మేం అడగలేదు. మీ మనిషే, మా పిల్లల్ని తీసుకోండి అని అడిగారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు" అన్నాడు. అందరి తలలూ కోర్మాక్ లూబీ వైపు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరిలో అనేశాను: "కూతుర్ని పెద్ద జట్టులో ఆడించుకోడానికి ఊరిని అమ్మేశావు కదరా!" అతను లేచి, షీఫ్రా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసింది.

ఆ తర్వాత చేతులెత్తమన్నారు. కలపాలన్నవాళ్ళే ఎక్కువ. మన తాత గీతలు గీసిన మైదానంలో ఇక గొర్రెలు మేస్తాయి. పచ్చ చొక్కాలన్నీ ఇంటికి తెచ్చి అలమారలో పెట్టి తాళం వేశాను. సాయంత్రం పాలకేంద్రం వైపు నుంచి చప్పుడు రావడం లేదు. లూబీ వాళ్ళు మా ఇంటి ముందు నుంచి కూడా నడవడం లేదు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదేం? ఒంట్లో బాగుందా?

డింఫ్నా


జూలై 1

నా ప్రియమైన చెల్లికి,

ఒంట్లో బాగానే ఉంది. నీ ఉత్తరం చదివాక మనసే బాగాలేదు.

అడిగింది కోర్మాక్ కాదు. నేను.

ఎర్ర చొక్కాలు తిరగేసి ఆడిన పిల్లల గురించి రాశావు చూడు, అప్పుడు మొదలైంది నాలో. ఎవరి పిల్లలో మన కోసం చెమటోడ్చారు. మనమేమో ఒక చొక్కా ఇవ్వలేకపోయాం. నీ స్థానంలో నేనున్నా ఇవ్వను, అందుకే సిగ్గేసింది. ఆ తర్వాత నువ్వు రాసిన గోడ సంగతి చదివి నాకు నిద్ర పట్టలేదు. నాకు వేలు విరగ్గొట్టడానికైనా ఎదురుగా ఒక బార్ట్లీ ఉన్నాడు. ఆ పిల్లకు గోడ తప్ప ఎవరూ లేరు. ఇంకో రెండేళ్ళు అలా ఒంటరిగా కొట్టి, మూడో ఏడు కర్ర మూలన పడేస్తుంది. అలా ఎంతమంది పడేశారో మనం లెక్కపెట్టుకోలేదు, అంతే.

ఆ వారం ఆదివారమే బార్ట్లీ చెవిలో అరిచాను: "ఒరేయ్, నా వేలు బాకీ ఉన్నావు. మా పిల్లల్ని తీసుకోండి. గీత అవతల నిలబెట్టకుండా ఆడించండి. బాకీ చెల్లు." వాడు నా వంకర వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కొడుకు ముందు ఇద్దరం ముసలాళ్ళం ఏడ్చాం. పేరు చెప్పొద్దని నేనే అన్నాను. ఊరికి కాదు, నీకు భయపడి. నా పిరికితనం వల్ల కోర్మాక్ మాట పడ్డాడు. ముందు అతని దగ్గరికి వెళ్ళు, డింఫ్నా. నన్ను తర్వాత తిట్టుకుందువు గాని.

నా పెట్టె మీద మాత్రం మన పచ్చ చొక్కాయే వెయ్యి. రోడ్డు పక్కన నిలబడే పిల్లలు ఏ రంగు వేసుకున్నా పరవాలేదు. పిల్లల్లేని రోడ్డు మీదుగా వెళ్ళడం మాత్రం నాకిష్టం లేదు.

నీ కోపానికి తగిన అన్న,
మలాకీ


తుల్లావార్న,
ఆగస్టు 9

మలాకీకి,

ప్రియమైన అని రాయలేదు, గమనించు. నీ మీద కోపం పోలేదు, పోతుందని ఆశపడకు. నీ ఉత్తరం వచ్చాక నెల రోజులు గడప దాటలేదు. క్లబ్బును నిలబెడతానని నేనూ నాన్నకు మాటిచ్చాను అన్నయ్యా, నువ్వొక్కడివే కాదు. ఆ మాట పోయినందుకు ఏడ్చాను, ఇంకా ఏడుస్తున్నాను.

నిన్న యాపిల్ టార్టు చేసుకుని లూబీ వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా నేర్చుకున్న మాటలు గుమ్మంలో మరిచిపోయాను. "మా అన్నయ్య, కోర్మాక్... అడిగింది మా అన్నయ్య" అన్నాను. అతను టార్టు అందుకుని, "మీటింగు రోజే అనుకున్నాను. అలా అడగ్గలిగిన ధైర్యం మనూళ్ళో మలాకీకి తప్ప ఎవరికుంది?" అన్నాడు. తెలిసి కూడా ఆ రోజు నోరు మెదపలేదు. నీ పరువు కాపాడాడు. ఆ మాటకు నేను మెట్ల మీదే కూర్చున్నాను. "లేవండి, కారెక్కండి. డ్రమ్‌కీల్‌లో పిల్లల ఆటకు ఆలస్యమైపోతోంది" అన్నాడు. దారిలో మా ఇంటి ముందు ఒక్క నిమిషం ఆపించి, అలమార తాళం తీసి వచ్చాను.

డ్రమ్‌కీల్ మైదానానికి నేను వెళ్ళడం అదే మొదలు, శత్రువుగా కాకుండా. వాళ్ళ కోచ్ ఒక్క ఎకసెక్కెం కూడా ఆడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. షీఫ్రా బంతి కొడితే అవతల నుంచి ఒక ఎర్రజుట్టు పిల్ల అంతే వేగంగా తిరిగి కొట్టింది. షీఫ్రా తప్పిపోయింది. గోడ ఎప్పుడూ అలా కొట్టలేదుగా మరి. తప్పిపోయి పకపకా నవ్వింది. షీఫ్రా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ దానికి ఆట నేర్పింది నేనే.

నీళ్ళు తాగడానికి వచ్చి నా వంక వింతగా చూసింది. "డింఫ్నా, మీ పచ్చ చొక్కా తిరగబడింది. కుట్లు బయటికొచ్చాయి" అంది.

"తెలుసమ్మా" అన్నాను. "ఇవాళ నేను అరువు వచ్చాను."

టీ పొడి పంపిస్తున్నాను. ఈసారి రెండు పొట్లాలు, ఒకటి ఆ దున్నపోతుకు.

చెల్లి,
డింఫ్నా