ఒక్క మంచం బండి

గ్రీజు చేతులతోనే ఉత్తరం విప్పే బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

ఫోను చేద్దామంటే మీ అక్క పక్కనే ఉంటుంది, అందుకే ఈ రాత. నీ షెడ్డుకి పంపిన పాత వ్యాను నాలుగు చక్రాలతోనూ లాగే రకం. కొండలూ ఇసుకమేటలూ దాటాలి కాబట్టి గేరు నూనె, బ్రేకులు, టైర్లు అన్నీ కొత్తవి వెయ్యి. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, నలభై లీటర్ల నీళ్ల ట్యాంకు, ఇంకో బ్యాటరీ. శుక్రవారానికి కావాలి. మీ అక్కకి తెలిసిందంటే నా కొంప మునిగినట్టే.

ఇట్లు, మీ బావ

తా.క. మంచం వెడల్పు రెండడుగులు చాలు.

*

బావగారికి నమస్కారం.

నూనె మార్చాను. కింద దూరి చూస్తే ముందు చక్రాల దగ్గర రబ్బరు తొడుగులు చిరిగున్నాయి, అవీ మార్చాను. బండి గట్టిదే. కానీ రెండడుగుల మంచం మీద ఇద్దరెలా పడతారు? నేనూ మా వెల్డరూ పడుకుని చూశాం. వెల్డరు కింద పడ్డాడు. మరి అక్క ఎక్కడ పడుకుంటుంది?

ఇట్లు, మీ బావమరిది

తా.క. వెల్డరు మోచెయ్యి వాచింది. మీ పేరు చెప్పుకుని ఇంటికెళ్లాడు.

*

బావమరిదికి,

అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడానికి నేనేమీ బోనులో నిలబడలేదు. మంచం ఒక్కరికే. రెండో సీటు పీకేసి అక్కడ బట్టల పెట్టె బిగించు. డ్రైవరు సీటు నాలుగంగుళాలు ముందుకి జరుపు, అద్దాలు కాస్త కిందికి వంచు. ఇసుకలో దిగబడితే బండిని బయటికి లాక్కునే విన్చ్ పెట్టు. తలుపుకి లోపల్నుంచి గట్టి గడియ ఉండాలి.

ఇట్లు, మీ బావ

తా.క. కిటికీలకి పూల కర్టెన్లు. ఎందుకని అడగకు.

*

బావగారికి (ఈసారి నమస్కారం లేదు).

మీరు ఆరడుగుల మనిషి. సీటు అంత ముందుకి జరిపితే మీ మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి. అంటే బండి నడిపేది మీరు కాదు, ఎవరో పొట్టావిడ. పూల కర్టెన్లావిడ. మీరెక్కడ కూర్చుంటారో, బట్టల పెట్టె మీదేమో, నాకనవసరం. ముప్పై ఏళ్లు కాపురం చేసి ఈ వయసులో మా అక్కని నట్టేట ముంచుతారా? ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టు విప్పేసి దాచాను. ఆ బండి ఇక తడిగడ్డి కూడా దాటదు. రేపు అక్క షెడ్డుకొస్తోంది. మీ ఉత్తరాలు తన చేతిలో పెడతాను.

ఇట్లు, ఆవిడ తమ్ముడు

తా.క. గడియ మాత్రం బిగించాను. మొదలెట్టిన పని సగంలో వదలడం నాకు చేతకాదు.

*

ఒరేయ్ తొందరపాటు మనిషీ,

ఆగు. చూపించకు. మీ అక్క ఎంత ఎత్తుంటుందో ఎప్పుడైనా చూశావా? బండి తనకేరా. ముప్పై ఏళ్లు ఆసుపత్రి జీపు నడుపుకుంటూ ఊరూరా తిరిగి సూదులేసింది. ఎంత దూరం వెళ్లినా సాయంత్రానికి తిరిగి రావాల్సిందే. శుక్రవారం రిటైరవుతోంది. ఎడారి చూడాలని తనకి ఎప్పట్నుంచో కోరిక. నాకేమో బండెక్కి వీధి మలుపు తిరిగేలోపే వాంతి. నా మూలంగా తను ఆగిపోయిందన్న దిగులు నన్ను తినేస్తోంది. ముందే చెబితే ‘మిమ్మల్ని వదిలి నేనెక్కడికి’ అంటుంది. అన్నీ సిద్ధం చేసి తాళం చేతిలో పెడితే కాదనలేదు. నీకు దణ్ణం పెడతాను, నోరు విప్పకు.

ఇట్లు, నిజంగానే మీ బావ

తా.క. ఈ మొహం చూసి ఇంకొకావిడ వస్తుందనుకున్నావు చూడు, అందుకు మాత్రం సంతోషం.

*

బావగారి పాదాలకి నమస్కారం.

మీ ఉత్తరం అందేసరికే అక్క వచ్చేసింది, నేను చూపించేశాను. నాలుగంగుళాల దగ్గరికి రాగానే నవ్వేసింది. నేనింకా మిమ్మల్ని తిడుతూనే ఉన్నాను, తను ఎక్కి సీట్లో కూర్చుంది. కాళ్లు సరిగ్గా అందాయి. అప్పుడు కానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. అమ్మయ్య, గుండె కుదుటపడింది బావగారూ. షాఫ్టు బిగించేశాను.

అక్క వెళ్తానంది. కాకపోతే ఒక్క షరతు. మీకు బండి పడకపోయినా రైలు పడుతుందట కదా. పది రోజులకోసారి తను ఏదో ఒక స్టేషన్ బయట బండి ఆపుకుని కూర్చుంటుందట, మీరు రైలు దిగి రావాలట. మంచం నాలుగడుగులు చెయ్యమంది. చేసేశాను.

ఇదంతా మీకు చెప్పొద్దంది. నా కడుపులో మాట దాగదని తెలిసి కూడా మీ ఇద్దరూ నాకే ఎందుకు చెబుతారో.

ఇట్లు, సిగ్గుపడుతున్న బావమరిది

తా.క. శుక్రవారం మీరు తాళం ఇవ్వగానే అక్క ఆశ్చర్యపోతుంది. పొద్దున్న నా ముందు రెండుసార్లు ఆశ్చర్యపోయి చూపించింది, అంత బాగా రాలేదు. మీరు నమ్మినట్టే ఉండండి.