పచ్చవెలుగులకు రెండు చీటీలు

సుభాషిణీ, నేనిక్కడ బాగుండా, దిగులు పడొద్దు.

ఉత్తరధ్రువం దిక్కున ఆకాశంలో పచ్చని వెలుగులు ఆడతాయంట, చూసేదానికి నేను ఇంటిపని చేసే అరబ్బు సేటోళ్ళు పోతాండారు. మేడమ్ నార్వే అంటాది, సేటు ఫిన్లాండ్ అంటాడు. నార్వే అయితే నెల, ఫిన్లాండ్ అయితే వారం. వాళ్ళు తిరిగొస్తేనే నాకు సెలవు, నీ కాన్పేమో దగ్గరపడె. చీటీలు వేద్దామంటి. ఎవరి పక్కా కానిదాన్నని నన్నే రాయమన్నారు. నాకొచ్చేది తెలుగే కాబట్టి చదివిందీ నేనే. ఫిన్లాండ్ వచ్చింది.

మీ నాయన వెనకగదికి సున్నం కొట్టించినాడా? పొత్తిగుడ్డలకు నా పాత చీరలు చింపు, పట్టువి ముట్టొద్దు. మీ అత్తమ్మను అడిగినానని చెప్పు.

చల్లగా ఉండు తల్లీ. కాన్పుకు నీ పక్కనే ఉంటా. రెండు చీటీల్లోనూ ఫిన్లాండే రాసినా.

మీ అమ్మ గురవమ్మ,
ఉమ్ సలాల్